సర్కారు బకాయి

తెలుగున ఋణమును తెలుపుటకు అప్పు, బాకీ, బకాయి అను మూడు మాటలు వాడుకలో నున్నవి. మొదటిది మన సొంతము. తక్కిన రెండును అరబ్బీలోని ఒక్క మూలమునుండియే పుట్టి, పారసీకపు దఫ్తరముల గుండా మన యిండ్లలోనికి వచ్చినవి. పుట్టుక యొక్కటే యైనను మన పల్లెజనులు చాలవరకు వానిని వేరుచేసికొని వాడుకొనిరి. షావుకారుకు ఈయవలసినది బాకీ. సర్కారుకు ఈయవలసినది బకాయి. బాకీపడినవాడు షావుకారు వాకిట నిలిచి వాయిదా కోరవచ్చును, వడ్డీ పెంచుకొని మరల పత్రము వ్రాసి యీయవచ్చును. బకాయిపడినవాని వాకిటికి సర్కారే నడచివచ్చును. ఈ భేదమును నేర్పినవి నిఘంటువులు కావు.

డిచ్‌పల్లి దాటి నాగపూరు బాటను ఆర్మూరు దిక్కునకు పోవువారికి నడుమ జక్రాన్‌పల్లి తగులును. ఎర్రజొన్నయు పసుపును పండు నేల యది. ఆ ప్రాంతమున ఒక యింట, ఎన్నో యేండ్ల క్రిందట, ఒక ముసలమ్మ మాకొక యినుపతీగను చూపినది. గోడకు కొట్టిన మేకునుండి వ్రేలాడు ఆ తీగకు శిస్తు కాగితములు గ్రుచ్చబడియుండెను. అడుగున నున్నవి ఫసలీ 1340 ప్రాంతమువి, అనగా ఇంచుమించు 1930 నాటివి. అన్నియు ఉర్దూలో నున్నవి. పొగకు వన్నె మారి, అంచులు పురుగు కొట్టియుండెను. ఆ రాజ్యము పోయెను, ఆ హాలీ రూపాయియు పోయెను, ఇంకను వీనినేల దాచితివమ్మా యని యడిగితిమి. “పారేస్తే మల్ల బకాయున్నదంటరు బిడ్డా” యని బదులు చెప్పినది. ఆమెకు ఉర్దూ రాదు, తెలుగును చదువరాదు. ఏ కాగితము దేనికో యెరుగదు. ఎరిగినది ఒక్కటే: తన మామయు, మామ తండ్రియు ఒకసారి చెల్లించినదానినే మరల చెల్లించినారట. ఈ వ్యాసము ఆ తీగనుండి పుట్టినది.

బకాయి కథలలో తెలుగువారు మరువనిది ఒక్కటి గలదు. కాని దానిని బకాయి కథగా తలచువారు తక్కువ. కంచర్ల గోపన్న నేలకొండపల్లివాడు. గోలకొండ తుది సుల్తాను అబుల్ హసన్ తానాషా (1672–1687) కాలమున పాల్వంచ పరగణాకు తహసీలుదారుగా నుండెను. అక్కన్న మాదన్నలకు మేనల్లుడని ప్రతీతి. పరగణాలో వసూలైన సర్కారు సొమ్మును భద్రాచల దేవాలయమునకు వెచ్చించి, హుజూరు ఖజానాకు బకాయిపడి, గోలకొండ కోటలో బందీ యయ్యెను. బకాయి ఆరు లక్షలనియు, చెర పండ్రెండేండ్లనియు జనశ్రుతి. జనశ్రుతి చెప్పు అంకెలకు మేము పూచీపడము. బకాయి నిజము, చెర నిజము. రామలక్ష్మణులు మారువేషమున వచ్చి తానాషాకు సొమ్ము చెల్లించిరన్న కథ తెలుగునాట వినని బిడ్డ లేడు. అందులో మా మనసు నాకట్టుకొన్నది వేరొక ముచ్చట. శ్రీరామచంద్రుడంతటివాడు సైతము సొమ్ము పోసి ఊరక వెడలిపోలేదు. చెల్లుచీటి అడిగి పుచ్చుకొని, దానిని గోపన్న తలగడ క్రింద నుంచి మరి పోయెనని కథ. ఈ కథను నోట నోట పెంచిన జనులు శిస్తు కట్టిన జనులే. దేవుడు వచ్చి చెల్లించినను రసీదు లేనిదే చెర విడువదని వారెరుగుదురు.

అయితే ఈ కథలో ఎవరును అడుగని ప్రశ్న యొక్కటి మిగిలియున్నది. ఆ సొమ్ము ఎవరిది? గోపన్న దానిని తన పొలమున పండించలేదు. పాల్వంచ పరగణాలోని కాపులు ధాన్యమమ్మి తెచ్చి పోసిరి. వారు తమ ఋణము తీర్చుకొనిరి. ఖజానాకు మాత్రము చేరలేదు. కావున రాజు లెక్కలో పరగణా బకాయిపడినది; కాపు లెక్కలో పరగణా బకాయి లేదు. ఆ రెండు లెక్కలకు నడుమ ఒక మనిషి యున్నాడు. ఆ మనిషి గోపన్న వంటి భక్తుడు కావచ్చును, దోపిడికాడు కావచ్చును. ఈ నడిమి స్థానమే మన దేశమున బకాయిల చరిత్రకెల్ల కీలకమని మా తలంపు. సర్కారునకు రావలసినది రాలేదనగనే రైతు ఎగవేసెనని మనము తలంతుము. మేము చదివిన చరిత్రలో పెక్కుచోట్ల రైతు ముందే కట్టియున్నాడు.

గోలకొండ రాజ్యమున ఈ నడిమి స్థానము ఏటేట వేలమునకు వచ్చుచుండెను. పదునేడవ శతాబ్దము తొలినాళ్ళలో మచిలీపట్టణమున నుండిన విలియం మెత్‌వోల్డ్ అను ఆంగ్ల వర్తకుడు తాను చూచినదానిని వ్రాసిపెట్టినాడు. రాజ్యమంతయు రాజుగారి సొంత కౌలుభూమి వంటిదనియు, సీమలను ఎక్కువ సొమ్మునకు పాడినవారి కిత్తురనియు, వారు మరల తమ క్రింది వారికి గుత్త కిత్తురనియు, తుదిభారము పల్లెకాపుపై పడుననియు అతని వ్రాతలోని సారము. గడువునకు పాట సొమ్ము పూర్తిగా చెల్లింపలేని మచిలీపట్టణపు అధికారి నొకనిని 1614లో బెత్తములతో ప్రాణము పోవువరకు కొట్టిరని అతడే చెప్పుచున్నాడు. పైవాడు క్రిందివానిని ఇట్లు కొట్టు చోట, క్రిందివాడు తన క్రిందివానిని ఏమిచేయునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆసఫ్‌జాహీల కాలమునకు వత్తము. పందొమ్మిదవ శతాబ్దపు పూర్వార్ధమున హైదరాబాదు రాజ్యపు పేష్కారును, పిదప దివానును అయిన చందూలాల్, 1843లో పదవి విడుచువరకు ముప్పది యేండ్లకు పైగా ఖజానాను తన చేతియందుంచుకొనెను. దానధర్మములకు పేరొందినవాడు, కవిపోషకుడు. ఖజానా మాత్రము నిత్యము వట్టిపోయి యుండెడిది. ఆయన పద్ధతి ఇది. తాలూకాను ఒక గుత్తదారున కిచ్చి, పంట పండకముందే అతనియొద్ద ముందస్తు సొమ్ము పుచ్చుకొనుట. ఆ తాలూకాదారు ఆ సొమ్మును షావుకారునొద్ద తెచ్చును. షావుకారు తాలూకా రాబడినే తనఖా పట్టును. నగరమునందలి అరబ్బు జమాదారులకు జీతములు బకాయిపడినప్పుడు వారికిని తాలూకాలే తనఖా పోయెను. ఇంతలో మరియొకడు ఎక్కువ నజరానా ఒప్పుకొనెనా, నడియేట తాలూకాదారు మారును. పోవువాడు పోవుచు వసూలు చేయును; వచ్చువాడు వచ్చుచు వసూలు చేయును. పోయినవానికి కట్టినది వచ్చినవాని పుస్తకమున బకాయి. ఇందూరు సీమ కాపునకు రెండు శిస్తులు కట్టుట వింత కాదు. జక్రాన్‌పల్లి ముసలమ్మ భయమునకు వేరు ఇంత లోతున నున్నది.

వసూలుకు పోవువారు అరబ్బులు, రోహిల్లాలు. ఊరిలో దిగి, తగాదా యని పేరుపెట్టి, బాకీదారు వాకిట తిష్ఠవేసి, తమ తిండి ఖర్చు సైతము వానిపైననే వేయుదురు. ఎంతకాలము కూర్చుండిన అంత బకాయి పెరుగును. 1820లో రెసిడెంటుగా వచ్చిన సర్ చార్లెస్ మెట్‌కాఫ్ ఈ స్థితిని చూచి, జిల్లాలకు ఆంగ్ల అధికారులను పంపి, పల్లెపల్లెకు శిస్తు ఇంతయని కట్టడి చేయించి, దానికి మించి పుచ్చుకొనరాదని కాగితము లిప్పించెను. 1829లో నాసిరుద్దౌలా గద్దెనెక్కినతోడనే ఆ అధికారులను తొలగింపుమని కోరెను, కంపెనీవారు ఒప్పుకొనిరి. తనరాజ్యమున పరాయి అధికారము వలదనుట రాజునకు తగినమాటయే. ఆ మాటతోపాటు కాపుచేతిలోని కట్టడి కాగితమునకును విలువ పోయెను.

ఇక్కడ ఒక చిత్రమును చెప్పవలెను. తన రైతుల బకాయిలకై రోహిల్లాలను పంపిన ప్రభుత్వము తానే పెద్ద బకాయిదారు. విలియం పామర్ అనువాని కొఠీవారు హైదరాబాదులో నిజాము సర్కారునకు అధిక వడ్డీలకు అప్పులిచ్చి లక్షలకు లక్షలు పెంచిరి. ఉత్తర సర్కారుల నిమిత్తము కంపెనీవారు నిజామునకు ఏటేట 7 లక్షల రూపాయల పేష్కష్ ఈయవలసియుండగా, 1823లో దానిని ఒక్కసారిగా 1,16,66,666 రూపాయలకు తెంచివేసిరి. ఆ సొమ్ము పామరు కొఠీ అప్పునకు పోయెను. గంజాము మొదలు గుంటూరు వరకు గల తెలుగుసీమపై నిజామునకు మిగిలిన తుది హక్కు ఇట్లొక వడ్డీవ్యాపారి పద్దున చెల్లయినదని ఎంతమంది కెరుక? కొఠీయు మరుసటి యేడే దివాలా తీసినది.

అంతటితో తీరలేదు. హైదరాబాదు కంటింజెంటు అను పటాలము నిజాము పేరిట, నిజాము ఖర్చున, ఆంగ్ల అధికారుల యాజ్ఞకు లోబడి యుండెను. దాని జీతములు సకాలమున అందకపోగా కంపెనీవారే చెల్లించి నిజాము పద్దున వ్రాసికొనుచువచ్చిరి. ఆ పద్దు పెరిగి పెరిగి అరకోటి ప్రాంతమునకు వచ్చెను. గవర్నరు జనరలు డల్హౌసీ తాఖీదుపై తాఖీదు పంపెను. తుదకు జప్తుకు వచ్చెను. 1853 మే 21వ తేదీ సంధితో బేరారు, రాయచూరు దోఆబు, నల్‌దుర్గము సీమ కంపెనీవారి చేతిలోనికి పోయినవి. ఆ సంధి జరిగిన వారము తిరుగకముందే దివాను సిరాజుల్‌ముల్కు మరణించెను. 1860లో 50 లక్షల ఋణము రద్దయి, రాయచూరును నల్‌దుర్గమును తిరిగివచ్చినవి గాని బేరారు రాలేదు. 1902లో కర్జను దొర దానిని ఏడాదికి 25 లక్షల కౌలుపై శాశ్వతముగా పుచ్చుకొనెను. బకాయికై పోయిన భూమి తిరిగి రాకుండుట మన పల్లెలలో పాతమాట. రాజునకును అదియే కలిగినది. కాని రాజు వాకిట ఎవరును తిష్ఠవేయలేదు, రాజును ఎవరును ఎండలో నిలుపలేదు. పెద్ద బకాయిదారునకు సంధిపత్రము దొరకును.

చిన్న బకాయిదారునకు ఏమి దొరకెనో, కంపెనీవారి సొంత మద్రాసు రాజధానిలోనే చూడవచ్చును. నిజాము పాలనకంటె కంపెనీ పాలన మెరుగని ఆ కాలమున వ్రాసినవారు పెక్కురు గలరు గనుక దీనిని కొంచెము విపులముగా చెప్పుదుము.

మద్రాసులో గాజుల లక్ష్మీనరసు సెట్టి యను తెలుగు వర్తకుడు గలడు. 1844లో ‘క్రెసెంటు’ అను ఆంగ్లపత్రికను నడిపెను. 1852లో మద్రాసు దేశీయ సంఘమును స్థాపించెను. శిస్తు వసూళ్ళలో రైతులను హింసించుచున్నారని ఆయన విలాతుకు అర్జీలు పంపెను. పార్లమెంటు సభ్యుడు డాన్బీ సేమూరు 1853లో మద్రాసునకు రాగా, ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పి, హింసకు లోనైనవారిని కన్నులార చూపించెను. 1854లో పార్లమెంటున చర్చ జరిగెను. అట్టిది లేనేలేదని బల్లగ్రుద్ది చెప్పినవా రుండిరి. తుదకు ఇలియటు, స్టోక్సు, నార్టను అను మువ్వురతో విచారణసంఘ మేర్పడి 1855లో నివేదిక సమర్పించెను. తమ గోడు చెప్పుకొనుటకై రైతులు వందల మైళ్ళు నడచి మద్రాసు చేరిరి.

ఆ నివేదికలో మన భాషలోని ఒక మాట యున్నది: చిరత. రెండు కర్రముక్కలను ఒకకొన కట్టి, నడుమ వ్రేళ్ళుంచి, నిమ్మకాయను పిండినట్లు నొక్కుట. భజనలలో మనము వాయించు చిరతలును ఇట్టి కర్రముక్కలే. రెండవది, బకాయిదారుని మెడకు గుడ్డ వేసి కాలి బొటనవ్రేలికి కట్టి, వంగినవాని వీపుపై రాయి పెట్టి ఎండలో నిలుపుట. జుట్టును గాడిదతోకకో దున్నపోతుతోకకో కట్టుట, అన్నము నీళ్ళు ఈయకుండుట, ఇల్లు విడచి వెలుపలికి పోనీయకుండుట – ఇట్టివి యింకను గలవు. ఇదంతయు రాజద్రోహులకు కాదు. కొద్ది రూపాయల శిస్తు నిలిచినవారికి. ఇవి చేసినవారు దొరలు కారు; మనవారే, తహసీలు బంట్రోతులు. హింసింపబడినవాడు ఫిర్యాదు చేసికొనవలెనన్న, శిస్తు వసూలుచేయు తహసీలుదారే ఆ తాలూకాకు పోలీసుపెద్ద. పై అధికారికి అర్జీ పంపిన, అది విచారణకై మరల ఆ తహసీలుదారుకడకే వచ్చును. రెవిన్యూ వసూళ్ళలో హింస యున్నదని సంఘమువారు నిర్ధారించిరి. 1859లో మద్రాసున పోలీసును రెవిన్యూనుండి వేరుచేసి చట్టము చేసిరి. లక్ష్మీనరసు సెట్టి పేరు నేడు మన పాఠపుస్తకములలో వెదకవలసిన స్థితిలో నున్నది. తెలుగు రైతు వ్రేళ్ళను చిరతలనుండి విడిపించినవారిలో ఆయన మొదటివాడు.

1864లో మద్రాసు ప్రభుత్వము బకాయి వసూళ్ళకు ప్రత్యేక చట్టము చేసినది. అది మెత్తని చట్టము కాదు. బుద్ధిపూర్వకముగా ఎగవేసినవానిని రెండేండ్లవరకు ఖైదులో నుంచవచ్చును. కాని హింసకు బదులు ఒక క్రమము వచ్చెను. మొదట తాఖీదు, పిదప చరాస్తి జప్తు, సూర్యోదయమునకు ముందును సూర్యాస్తమయమునకు తరువాతను జప్తు చేయరాదు, ఆడవారుండు గదిలోనికి త్రోసికొనిపోరాదు, పోవలసివచ్చిన దానికి వేరు నియమము. ఇంటి యిల్లాండ్రు ఈ రెండు మాటలను ఆనాడే ఎరిగియుండిన ఎన్ని బిందెలు, ఎన్ని కడియములు నిలిచియుండెడివో! చట్టము ఆంగ్లమున నుండెను, జప్తు తెలుగున జరిగెను. పేరు మార్చుకొని ఆ చట్టమే నేటికిని మన రాష్ట్రములలో నడచుచున్నది. నేడు భూమిశిస్తు కంటె ఇతర సర్కారు బాకీలకే దానిని ఎక్కువగా వాడుచున్నారు.

మరల హైదరాబాదు. బేరారు పోయిన పది దినములకు, 1853 మే 31న, ఇరువదినాలుగేండ్ల సాలార్‌జంగు దివాను అయ్యెను. ఆయన చేసిన పనులలో మొదటిది ఆ నడిమి స్థానమును పట్టుకొనుట. అరబ్బు జమాదారులచేతను షావుకార్లచేతను తనఖాలో నున్న తాలూకాలను ఒక్కటొక్కటిగ విడిపించెను. గుత్తదారులను తీసి జీతము పుచ్చుకొను తాలూకాదారులను నియమించెను. 1865లో జిలాబందీ చేసి రాజ్యమును జిల్లాలుగా విభజించెను. మన ఇందూరు అప్పుడు జిల్లా యయ్యెను. (1905లో దాని పేరు నిజామాబాదుగా మారినది.) ధాన్యభాగమునకు బదులు నగదు శిస్తు వచ్చెను. 1870ల దశకము నడుమ బొంబాయి పద్ధతిని అనుసరించి భూమికొలతయు బందోబస్తును మొదలయ్యెను. గుత్తదారు పోయెను, ఏ పొలమునకు ఎంత శిస్తో కాగితముపైకి వచ్చెను. ఇది గొప్ప మేలు. ఈ మేలును తక్కువచేసి చెప్పువారితో మాకు పొత్తు లేదు.

కాని నగదు శిస్తులో ఒక పోటు దాగియున్నది. ధాన్యభాగము పంట పండిననే పోవును. నగదు కిస్తు తేదీకి వచ్చును. పసుపు తొమ్మిది నెలల పంట. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టి అంగడికి తెచ్చువరకు మరికొన్ని వారములు. కిస్తు దానికై ఆగదు. అప్పుడు రైతు షావుకారు గుమ్మమెక్కి, రాబోవు పంటను చౌకగ ఒప్పుకొని, శిస్తు రూపాయలు తెచ్చును. సర్కారు పుస్తకమున బకాయి లేదు. షావుకారు పుస్తకమున బాకీ మొదలయ్యెను. ఆ సంవత్సరపు వసూలు నూటికి నూరని జమాబందిలో వ్రాసికొని సంతసింతురు. బకాయి లేని గ్రామమును చూచి రైతులు సుఖముగ నున్నారని తలచిన అధికారులు ఒకసారి షావుకారు పద్దును తిరుగవేయవలసినది.

ఇంకొకటి. గుత్తలు పోయినప్పుడు, పూర్వము శిస్తు వసూలుచేసిన దేశముఖులకును దేశపాండ్యాలకును సర్కారు నగదు రుసుము ఏర్పాటు చేసెను. వారు ఊరుకొనలేదు. బకాయిపడినవాని శిస్తును తాము కట్టి, ఆ భూమిని తమ పేరిట పట్టా చేయించుకొనుట తెలంగాణములో ఒక మార్గమయ్యెను. కొలతలనాడు పట్టా యనిన భయపడి, పట్టా యున్న శిస్తు తప్పదని తప్పుకొన్న కాపులును గలరు. దున్నినవాడొకడు, పట్టాలో నున్నవాడొకడు. తరువాతి తరమున తెలంగాణము నెట్లు ఈ పట్టాలు మండించినవో చదువరు లెరుగుదురు.

ఫసలీ 1317, అనగా 1907లో, హైదరాబాదు మాలుగుజారీ చట్టము వచ్చెను. తాఖీదు, పట్టా రద్దు, చరాస్తి జప్తు, స్థిరాస్తి హరాజు, ఖైదు – అన్నియు అందు గలవు. చెల్లించినవానికి రసీదీయవలెనను నియమమును నుండెను. నియమము నగరమున నున్నది. పల్లెలో పట్వారీ యున్నాడు. పట్వారీలందరు చెడ్డవారని మేమనము. ఊరి తగవులను తీర్చినవారు, కరవున రైతుల పక్షమున మాఫీకి వ్రాసినవారు అందు గలరు. ఐనను చదువు ఒక్కని చేతనుండి, నూటికి తొంబది మందికి పైగా చదువులేని రాజ్యమున, ప్రభుత్వ భాష ఆ రైతులది కాని యుర్దూ యైనప్పుడు, ఆ ఒక్కడు ధర్మరాజుగ నుండునని నమ్మి చట్టము చేయుట వెర్రితనము. రసీదు ఇచ్చెనా, ఇచ్చెను. అందు ఎంత వ్రాసెను? ఏ ఫసలీకి వ్రాసెను? రైతు ఆ కాగితమును కన్నుల కద్దుకొని తీగకు గ్రుచ్చెను.

ఆంధ్రమహాసభ 1937లో నిజామాబాదున మందుముల నరసింగరావుగారి అధ్యక్షతన కూడెను. గ్రంథాలయములు, తెలుగు పాఠశాలలు అని మహాసభవారు తొలినుండి అడుగుచుండగా, ఆకలిగొన్నవానికి పుస్తకమెందుకని ఎగతాళి చేసిన తీవ్రవాదులు తరువాత వచ్చిరి. వారి ఆవేశము మాకర్థమగును; కాని రైతు రసీదు చదువుకొనుట అన్నపు ప్రశ్నయే. ఆ సభ కూడిన జిల్లాలో అప్పటికే మంజీరపై నిజాంసాగరు (1923–1931) నిండి, కాలువక్రింద చెరకు పెరుగుచుండెను. బోధను శక్కరనగరున చక్కెర కర్మాగారము లేచుచుండెను. నీరు వచ్చినచోట శిస్తు పెరిగెను. పొలమున నగదు పంట, చేత నగదు, అంగడిలో అప్పు – మూడును కూడబలుకుకొని పెరిగినవి.

రైతు తానుగా కోరి బకాయిపడిన సందర్భము తెలుగునాట ఒక్కటి గలదు. 1922 జనవరిలో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున గ్రామములు శిస్తు కట్టుట మానెను. గ్రామోద్యోగులు రాజీనామా లిచ్చిరి. ప్రభుత్వము పటాలమును దింపెను. గాంధీమహాత్ముడు అనుమతి ఈయకపోవుటచే ఫిబ్రవరిలో ఉద్యమము నిలిచి, శిస్తులు కట్టిరి. దాని మంచిచెడ్డలను విచారించుట కిది చోటు కాదు. పెదనందిపాడు కాపులకు తమ బకాయి ఎంతో తెలియును, ఎందుకో తెలియును, ఎంతవరకో తెలియును. మన సీమ కాపునకు ఆ మూడును తెలియవు.

1949లో జాగీరులు రద్దయినవి. 1984లో పటేలు పట్వారీ వ్యవస్థను ప్రభుత్వము తీసివేసినది. తరతరములుగ ఇండ్లలోని పెట్టెలలో నుండిన గ్రామలెక్కలను మండ్రముగ మూటలు కట్టి తాలూకా కచ్చేరీలకు చేర్చిరి. ఆ మూటలను విప్పి చదివి చరిత్ర వ్రాయు పని యింకను మిగిలియున్నది.

జక్రాన్‌పల్లి ముసలమ్మ తీగకు పైభాగమున క్రొత్త కాగితములును నుండెను: కరెంటు బిల్లులు, సహకార సంఘపు చీటీలు. అవి తెలుగున నున్నవి. ఆమె మనుమరాలు బడికి పోవు పిల్ల, ఏది దేనికో తడబడక చదివి చెప్పినది. ఉర్దూవి ఎవరును చదువలేదు. ముసలమ్మ అనుమతితో వానిని ఆర్మూరున ఒక వృద్ధ ఉపాధ్యాయుని యొద్దకు కొనిపోయితిమి. ఆయన అద్దములు తుడుచుకొని ఒక్కటొక్కటే చదివెను. ఇది రసీదు, ఇది రసీదు, ఇది తకావీ అప్పు చెల్లు. అన్నిటికంటె అడుగున నున్నదానిని, ఆ యింటివారు అన్నిటికంటె భద్రముగ నూనెగుడ్డలో చుట్టి దాచినదానిని, ఆయన రెండుమార్లు చదివి మావంక చూచెను. అది రసీదు కాదు. పదునాలుగు రూపాయల చిల్లర బకాయిని ఎనిమిది దినములలో చెల్లింపకున్న ఎద్దులను జప్తు చేతుమను తాఖీదు.